పెట్టె కింద దిమ్మ, దిమ్మ కింద ఊక

పల్లెటూరి రోడ్డు పక్కన బూడిదరంగు ఇనుప పెట్టె ఒకటి నిలబడి ఉంటుంది. ఊరికి ఇంటర్నెట్ తీగ వచ్చేది దానిలోంచే. లోపల బ్యాటరీలు, చిన్న ఫ్యాను, మిణుకుమనే దీపాలు ఉంటాయి. జనం దానికి పోస్టర్లు అంటిస్తారు, సైకిళ్ళు ఆనిస్తారు, దాని నీడన నిలబడి ఫోన్లో మాట్లాడతారు. దాని కింద ఏముందని మాత్రం ఎవరూ అడగరు. ఉద్యోగంలో నా చివరి పదేళ్ళలో ఎక్కువ భాగం ఆ కింద ఉన్నదానితోనే గడిచింది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆ పెట్టెలకి పునాదులు వేయించడం నా పని. ఏ సంస్థ అన్నది ఇక్కడ అనవసరం. నేను రిటైరై రెండేళ్ళయింది. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు పెట్టె లోపలి సంగతులు బాగా చదువుకునే వస్తున్నారు. పెట్టె కింది సంగతి పుస్తకాల్లో అరపేజీకి మించి ఉండదు. ఆ అరపేజీలో లేనివి కొన్ని నాకు తెలుసు. అందులో సగం నా తప్పుల వల్ల తెలిసినవే కాబట్టి, దాచుకుని చేసేదేమీ లేదు.

బోల్టుకి కట్టిన గేదె

మొదట్లో దిమ్మని ఎక్కడికక్కడే పోసేవాళ్ళం. గొయ్యి తీసి, చుట్టూ చెక్క కట్టి, కాంక్రీటు పోసి, పచ్చిగా ఉండగానే నాలుగు బోల్టులు నిలబెట్టి వచ్చేసేవాళ్ళం. పెట్టె అడుగున ఉన్న నాలుగు కన్నాలూ ఆ నాలుగు బోల్టుల మీద కూర్చోవాలి. దిమ్మ గట్టిపడేదాకా రెండు వారాలు నీళ్ళు కట్టాలి. రోజూ నీళ్ళు కట్టినట్టు కాగితంలో ఉండేది. దిమ్మకి ఆ సంగతి తెలియదు కాబట్టి ఎండి బీటలు వారేది.

పొందూరు అవతల ఒక పల్లెలో దిమ్మ పోసి మూడోనాడు చూడడానికి వెళ్ళాను. ఒక బోల్టుకి గేదె కట్టి ఉంది. పక్కనే పెద్దాయన ఒకాయన చుట్ట కాల్చుకుంటూ కూర్చున్నాడు.

"ఏటి మావా, దీనికి కట్టీసినావు?" అన్నాను.

"మంచి గుంజలు పాతీసినారు కదా బాబూ అని సంతోషించినాం. నాలుగు పాతినారు గానీ, నాకున్నది ఒక్క గేదే," అన్నాడాయన, నా తరఫున కొంచెం విచారిస్తూ.

గేదె లాగిన బోల్టు పక్కకి వంగింది. పెట్టె కన్నాలు కలవలేదు. దిమ్మ పగలగొట్టి మళ్ళీ పోశాం. నాకు కోపం రావలసింది, కానీ ఆయన చెప్పినదాంట్లో తప్పేముందా అని దారంతా ఆలోచించాను. అది ఏమిటో మేం ఆయనకి చెప్పలేదు. చెప్పకపోతే మనిషి తనకి తెలిసినదాన్నిబట్టి అర్థం చేసుకుంటాడు. ఈ సంగతి నాకు ఆ రోజే పూర్తిగా అర్థమై ఉంటే, తరవాత చెప్పబోయే కథ ఉండేది కాదు.

పైడమ్మ యార్డు

ఇలాంటివి నాలుగైదు జరిగాక, దిమ్మలు ఒకచోట పోయించి, బాగా ముదిరాక తెచ్చి గోతిలో కూర్చోబెడదామని తీర్మానించాం. పెద్ద పట్నాల్లో అప్పటికే అలా చేస్తున్నారు. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, ఆరంగుళాల మందం. మధ్యలో తీగలు పైకి రావడానికి చదరపు కన్నం. మూలల్లో ఎత్తడానికి నాలుగు కొక్కేలు. బోల్టులు అచ్చులోనే కొలత ప్రకారం బిగించి ఉంటాయి కాబట్టి వంకర పోయే భయం లేదు. ఉదయం లారీ దిగిన దిమ్మ మీద మధ్యాహ్నానికి పెట్టె నిలబెట్టెయ్యొచ్చు.

పోసేవాళ్ళ కోసం తిరిగి తిరిగి, ఆమదాలవలస దాటాక రోడ్డువారనే ఉన్న పైడమ్మ యార్డుకి చేరాను. నూతి ఒరలు, కంచె స్తంభాలు, పశువుల తొట్లు పోసి అమ్మేవాళ్ళు. పైడమ్మకి యాభై దాటి ఉంటాయి. ఆమె భర్త ఊచలు వంచి కట్టేవాడు, మాట తక్కువ మనిషి. ఏడుగురు ఆడవాళ్ళు పనిచేసేవాళ్ళు. వాళ్ళలో నరసమ్మ అనే ఆవిడ తాపీ పట్టిందంటే దిమ్మ మీద నీటి చుక్క నిలిచేది కాదు. మధ్యలోంచి అంచులకి కంటికి కనబడనంత వాలు పెట్టేది. అలా పెట్టమని మా డ్రాయింగులో లేదు. ఎందుకు పెడుతున్నావంటే, "నీరు నిలిస్తే ఇనపెట్టి తుప్పట్టదేటి?" అంది. ఆ మర్నాడే డ్రాయింగు మార్పించాను.

పైడమ్మ దిమ్మని చిన్న సుత్తితో మూలమూలా కొట్టి చెవి ఒగ్గి వినేది. నన్నూ వినమనేది.

"గణగణమంటే మంచిది బాబూ. డబడబమంటే లోపల డొల్లన్నమాట. అది తమకివ్వను, గేటు కాడ మెట్టు కింద యేసుకుంటాను," అనేది.

"ఎన్నాళ్ళకి ఎత్తొచ్చు?" అని అడిగాను.

"మర్నాటికి అచ్చు ఇప్పీయొచ్చు. ఇరవై రోజులు దాకా కదపకూడదు. బాలింతరాలు లాంటిది."

తడి గోనెసంచులు కప్పి ఇరవై రోజులూ నీళ్ళు కట్టించేది. అక్కడ నీళ్ళు కట్టినట్టు కాగితమూ లేదు, అబద్ధమూ లేదు. కొత్తగా వచ్చేవాళ్ళకి నేనిచ్చే మొదటి సలహా ఇదే. సరుకు ఇచ్చేవాళ్ళ ఆఫీసులో కూర్చుని టీ తాగకండి, వాళ్ళ యార్డులో నిలబడండి. ఏది ఎందుకు చేస్తున్నారో అడగండి. అడగందే అమ్మయినా పెట్టదంటారు కదా.

నా తెలివి

ఏ వస్తువుకైనా ఒక జబ్బుంటుంది. ఈ దిమ్మలకి అంచులు చిట్లడం జబ్బు. లారీలో కుదుపులకి ఒకదానికొకటి తగిలి చిట్లేవి. దించేటప్పుడు రాయి తగిలి చిట్లేవి. దాన్ని కుదిర్చినవాడు సాలూరు నుంచి వచ్చిన లారీ డ్రైవరు దాలినాయుడు. రైసుమిల్లు నుంచి ఊక తెచ్చి, లారీ అడుగున పరిచి, దిమ్మకీ దిమ్మకీ మధ్య ఊక బస్తాలు పెట్టాడు. ఒక్క అంచు కూడా పోలేదు.

"గాజులైనా ఇలగే అట్టుకెల్తాం సార్. రాయి ఒక లెక్కేటి?" అన్నాడు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. నేను ఇంకో అడుగు వేశాను. దిమ్మని గోతిలో కూర్చోబెట్టే ముందు, కింద గ్రావెల్ వేసి దిమ్మిసతో కొట్టి, దాని మీద రాతిపొడి పరిచి, లెవెల్ చూసి, మళ్ళీ ఎత్తి, మళ్ళీ పరిచి, ఇలా గంటన్నర పట్టేది. రాతిపొడి బదులు ఊక పరిస్తే? ఒకచోట చేయించి చూశాను. నాలుగు వేళ్ళ మందాన ఊక, దాని మీద దిమ్మ. మెత్తగా దిగింది, అంచు చిట్లలేదు, గునపంతో కాస్త కదిపితే చాలు, లెవెల్ కుదిరిపోయింది. పావుగంట పని. ఊకకి చెద పట్టదనీ, తొందరగా కుళ్ళదనీ నాకు తెలుసు. అది చాలుననుకున్నాను. తెలిసినది సగమే అయినప్పుడు మనిషికి వచ్చే ధైర్యం అంతా ఇంతా కాదు.

దిమ్మలు కూర్చోబెట్టే బృందానికి పెద్ద గవరయ్య మేస్త్రీ. అతనికి ఉత్తర్వు రాసి ఇచ్చాను. ఇకమీదట రాతిపొడి వద్దు, నాలుగు వేళ్ళ ఊక పరిచి దిమ్మ దింపాలి అని. సంతకం పెట్టి ముద్ర వేశాను. మా డివిజనల్ ఇంజినీరు గారు మీటింగులో నన్ను మెచ్చుకున్నారు. ఇంటికెళ్ళి మా ఆవిడతో గొప్పగా చెప్పాను.

"ఊక మీద ఏటి నిలుస్తాదండీ?" అందావిడ, చేటలో బియ్యం చెరుగుతూ.

సివిల్ ఇంజినీరింగు గురించి వంటింట్లో చర్చ ఎందుకులే అనుకున్నాను.

పదకొండు పెట్టెలు

ఒక వానాకాలం గడిచింది. ఆమదాలవలస వైపు వరిపొలాల మధ్య పోయే లైనులో పదకొండు పెట్టెలు ఒరిగాయి. ఒరిగిన పెట్టెకి తలుపు సరిగ్గా పడదు. తలుపు పడకపోతే వాన లోపలికి పోతుంది. బ్యాటరీలు పోయాయి, ఊళ్ళకి ఊళ్ళు లైను పోయింది. రేషను ఇచ్చే యంత్రాలు పనిచెయ్యక జనం రోడ్డెక్కారు. అన్నిటికీ మించి, ఒకచోట దిమ్మ అడ్డంగా పగిలింది. దాని ఫోటో ఎవరో తీసి పైకి పంపారు.

డి.ఇ. గారు నన్ను పిలిచారు. ఆయన చెడ్డమనిషి కాదు. నిర్ణయం వాయిదా వెయ్యని మనిషి. అది గుణమే. కాకపోతే ప్రతి తప్పుకీ సాయంత్రంలోగా ఒక పేరు కావాలనేవారు.

"రామ్మూర్తి గారూ, ఎవరిది లోపం? సాయంత్రానికి రాసి ఇవ్వండి," అన్నారు.

పగిలిన దిమ్మ ఫోటో నా బల్ల మీద ఉంది. ఆ సాయంత్రం నేను ఆ ఫోటో చూసి రాశాను. "దిమ్మల నాణ్యతా లోపం వల్ల" అని. నాలుగు ముక్కలు. అక్కడికి వెళ్ళలేదు, ఒక్క దిమ్మ ఎత్తించలేదు. నా ఊక మీద నాకు అనుమానం రాకనా, వచ్చీ రాకముందే అణిచేశానా అని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను. అణిచేశాననే అనుకుంటున్నాను.

వారం తిరక్కుండా పైడమ్మ యార్డు పేరు సరుకు తీసుకోకూడనివాళ్ళ జాబితాలో పడింది. పోసి సిద్ధంగా ఉన్న దిమ్మలు అరవై దాకా యార్డులోనే ఉండిపోయాయి. అంతకన్నా చెడ్డది మరొకటి జరిగింది. ఆ మాట బజారులో సిమెంటు కొట్టు దాకా పాకింది. నూతి ఒరలు కావలసిన రైతులు ముందు ఆ కొట్లోనే వాకబు చేస్తారు. "ఆఫీసోళ్ళే ఒద్దన్నారట" అని కొట్టాయన చెప్పడం మొదలుపెట్టాడు. ఒరలు కొనేవాళ్ళు కూడా రావడం మానేశారు. ఆ యార్డుకి ఉన్న ఆస్తి రెండు అచ్చులు, ఒక పేరు. అచ్చులు మిగిలాయి.

పైడమ్మ ఆఫీసుకి వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"నా దిమ్మలు సెడిపోయినాయని రాసినారట కదా బాబూ," అంది.

"ఒకటి పగిలింది కదా పైడమ్మా."

"ఒకటి పగిలింది. మిగతా పదీ?"

"ఒరిగాయి."

"కాంక్రీటు సెడితే పగలాల గానీ, ఒరగడమేటి బాబూ? ఒక్క దిమ్మ ఎత్తి సూడండి. నాది తప్పయితే నానే యార్డు మూసీసుకుంటాను."

"రిపోర్టు వెళ్ళిపోయింది," అన్నాను.

నా ముప్ఫై అయిదేళ్ళ ఉద్యోగంలో నేను అన్న మాటల్లోకెల్లా సిగ్గుమాలిన మాట అదే.  పైడమ్మ మెట్లు దిగి వెళ్ళిపోయింది. నేను కిటికీలోంచి చూస్తూ, ఆమె అడిగిన ప్రశ్నకి జవాబు వెతుకుతూ ఉండిపోయాను. ఒరగడమేటి? నిజమే, బలం లేని దిమ్మ పగులుతుంది, నలుగుతుంది. పదింటికి గీత కూడా లేకుండా పక్కకి ఎందుకు ఒరిగాయి?

ఐసు, ఊక

మర్నాడు పదకొండు చోట్లకీ వెళ్ళాను. అన్నీ ఒకే వైపుకి ఒరిగాయి, పెట్టెలో బ్యాటరీలు ఉండే బరువు వైపుకి. అంటే కింద ఏదో దిగింది. పొలాల నేల మెత్తన కాబట్టి దిగిందేమో అనుకున్నాను. అప్పటికీ నాకు నేలే దోషిగా కనిపించింది. ఊక కనిపించలేదు.

నేలే కారణమైతే, ఇసుక నేలలో ఇంకా ఎక్కువ ఒరగాలి. కళింగపట్నం వైపు సముద్రపు ఒడ్డున ఒక ఊళ్ళో రెండు పెట్టెలు పెట్టాం. అదే పైడమ్మ దిమ్మలు, అదే గవరయ్య బృందం, అదే నెల. అక్కడికి వెళ్ళాను. రెండూ నిటారుగా ఉన్నాయి. దిమ్మ మీద గోళీ పెడితే దొర్లలేదు. తలుపు చిటికెనవేలితో తోస్తే పడింది. అక్కడ వాన తక్కువా అంటే, తుపాను గాలీవానా కూడా అక్కడే ముందు కొడతాయి.

పెట్టె పక్కనే చేపలు అమ్మే ఒకావిడ గంప పెట్టుకుని కూర్చుంది. ఐసు ముక్కల మీద ఊక కప్పి ఉంది. ఊక కప్పితే ఐసు కరగదు. ఆ ఊక చూస్తూ చాలాసేపు నిలబడ్డాను.

"ఈ ఊక ఎక్కడిదమ్మా?" అని అడిగాను.

"అప్పుడు ఈ పెట్టి పెట్టినోళ్ళు తెచ్చినారు కదా బాబూ, ఆ దినం మొదలెట్టినాం. అంత ఊక గోతిలో పోసేత్తన్నారు. బంగారం లాంటి ఊక మట్టిపాలు సేత్తారేటి అని మావే అడిగి అట్టుకుపోనాం. బదులుగా ఆలకి నెత్తళ్ళ కూరొండి పెట్టినాం. ఇప్పుడు మిల్లు కాడ నుంచి మావే తెచ్చుకుంతన్నాం."

"మరి గోతిలో ఏం వేశారు?"

"ఏటేస్తారు? ఇసకే ఉన్నాది కదా. ఇసక మీదే దింపీసినారు."

నా ఉత్తర్వు అమలు కాని చోట మాత్రమే పెట్టెలు నిటారుగా ఉన్నాయి. ఇది అర్థమైనప్పుడు ముందు నాకు కలిగింది భయం కాదు, సిగ్గూ కాదు. ఒక చిక్కుముడి విడినప్పుడు కలిగే సంతోషం కలిగింది. ఆ సంతోషం బస్సెక్కేదాకా ఉంది. బస్సులో కూర్చున్నాక, పైడమ్మ మెట్లు దిగడం గుర్తొచ్చింది.

కొండను తవ్వి

రెండోనాడు హైడ్రా క్రేను తెప్పించి, ఒరిగిన దిమ్మల్లో ఒకదాన్ని ఎత్తించాను. గవరయ్య మేస్త్రీని కూడా రమ్మన్నాను. దిమ్మ లేవగానే కింద నుంచి ఎలుక ఒకటి పరుగెత్తింది. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదేనని నవ్వబోయి మానేశాను. ఊకలో మిగిలిన గింజల కోసం ఎలుకలు చేరి కన్నాలు చేశాయి. నాలుగు వేళ్ళ ఊక ఒకవైపు ఒక్క వేలి మందాన అణిగిపోయి ఉంది. రెండోవైపు అసలు లేదు, వాన నీటితో పక్క బోదెలోకి కొట్టుకుపోయింది. ఊక కుళ్ళదని నాకు తెలుసు. బరువుకి అణుగుతుందనీ, నీటికి పోతుందనీ తెలుసుకోవలసిన అవసరం నాకు కలగలేదు. పగిలిన దిమ్మని కూడా ఎత్తించాను. దాని నడుం కింద ఏమీ లేదు, రెండు కొసల మీద నిలబడి ఉంది. అలా నిలబెడితే ఏ దిమ్మయినా పగులుతుంది. పగిలిన అంచుల్లో కాంక్రీటు మాత్రం నల్లరాయిలా ఉంది.

గవరయ్య తన జేబులోంచి ప్లాస్టిక్ కవరులో పెట్టుకున్న కాగితం తీశాడు. నా ఉత్తర్వు. నలగకుండా దాచుకున్నాడు.

"తమరు రాసిందే సేసినాం బాబూ," అన్నాడు, తప్పు తన మీదకి వస్తుందేమోనని.

"ఇది నిలవదని నీకు తెలీదా గవరయ్యా?"

"తెల్సు బాబూ. ఊక మీద అరుగు కడతారేటి ఎవరైనా? మా ఆడోళ్ళు కూడా నవ్వినారు."

"మరి ఒక్క మాటైనా చెప్పలేదేం?"

 "పెట్టిలోన యేడి పుడతాది కదా బాబూ, ఫేను తిరుగుతాది. సల్లదనానికేమో ఊక ఎయ్యమన్నారు అనుకున్నాం. ఐసుకి ఎయ్యరేటి, అలగ. ఆ సదువు తమది, మాకేటి తెలుస్తాది?"

నాకు గేదెను కట్టిన పెద్దాయన గుర్తొచ్చాడు. గవరయ్య ముప్ఫై ఏళ్ళుగా పునాదులు వేస్తున్నవాడు. అతనికి తెలిసిన విషయం నా ముద్ర చూసి వెనక్కి తగ్గింది. అతను నా ఉత్తర్వుకి ఒక అర్థం వెతికి, నన్ను తెలివైనవాణ్ణి చేశాడు. మన కింద పనిచేసేవాళ్ళు మనమీద చూపించే ఈ దయ చాలా ప్రమాదకరమైనది. దీని గురించి ఏ పుస్తకంలోనూ అరపేజీ కూడా లేదు. కాబట్టి ఉత్తర్వు ఇచ్చాక, "ఇది ఎందుకు చేస్తున్నామో నువ్వు నాకు చెప్పు" అని అడగండి. వాళ్ళు చెప్పే కారణం విన్నాకనే సంతకం పెట్టండి.

నేల స్వభావం

డి.ఇ. గారికి అంతా చెప్పాను. ఆయన తలుపు వేసి వచ్చి కూర్చున్నారు.

"ఏడాదిన్నరలో రిటైరవుతారు. ఇప్పుడిది ఎందుకు? 'నేల స్వభావం వల్ల' అని రాసెయ్యండి. నేల వచ్చి మనల్ని ఏమీ అనదు," అన్నారు.

ఒప్పుకున్నాను. అబద్ధం చెప్పి లాభం లేదు, ఒప్పుకుని, ఆ కాగితం రాయడానికి కూర్చున్నాను కూడా. సగం రాశాక ఒక అనుమానం వచ్చి మళ్ళీ ఆయన గదికి వెళ్ళాను.

"నేల అని రాస్తే పైడమ్మ పేరు జాబితాలోంచి తీస్తారా?"

"ఎలా తీస్తారు? దిమ్మలో లోపం లేదని మీరు రాయాలి. మరి ముందు రాసినది ఎందుకు రాశారంటారు. లోపం ఎవరిదో చెప్పకుండా ఆ మాట వెనక్కి రాదు రామ్మూర్తి గారూ."

ఆయన నిజాయితీగా చెప్పారు, అందుకు ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి. మర్నాటి నుంచి మిగిలిన తొమ్మిది దిమ్మలూ కూడా ఎత్తించి, అన్నిటి కిందా ఫోటోలు తీయించి, నా ఉత్తర్వు నకలు జతచేసి, లోపం నాదని రాశాను. దిమ్మలు తీసి రాతిపొడి మీద మళ్ళీ కూర్చోబెడితే చాలునని, పగిలినది తప్ప మిగతా పదీ అలాగే వాడొచ్చని రాశాను. నాకు మెమో వచ్చింది. మిగిలిన ఏడాదిన్నరా స్టోర్సులో కేబులు చుట్టలు లెక్కపెట్టాను. అందులో నాకు పెద్ద కష్టమేమీ కలగలేదు. మెమో కన్నా, మా ఆవిడ చేట పక్కన పెట్టి "నాను సెప్పలేదేటండీ" అనకుండా ఊరుకోవడమే ఎక్కువ గుచ్చుకుంది.

సిమెంటు కొట్టు

పైడమ్మ పేరు జాబితాలోంచి తీసేసినట్టు కాగితం వచ్చిన రోజున, దాన్నీ నా రిపోర్టునూ పట్టుకుని యార్డుకి వెళ్ళాను. గోనెసంచులు ఎండి కర్రలా బిగుసుకుపోయి ఉన్నాయి. ఏడుగురిలో నలుగురే కనిపించారు. నరసమ్మ ఎక్కడని అడిగాను. ఇటుకబట్టీల పనికి వెళ్ళిపోయిందని చెప్పారు. కబురు పెడితే, అక్కడ కుదురుకున్నాను, ఇక రానని అందట. ఆవిడ తాపీ గూట్లో అలాగే ఉంది. కాగితంతో పేరు తిరిగి వచ్చింది కానీ, ఆ చెయ్యి రాలేదు. 

పైడమ్మకి చదవడం రాదు. నన్నే చదవమంది. చదివాను. ఊక సంగతి వచ్చినచోట ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పైడమ్మ నవ్వలేదు.

"ఆ మొదటి కాయితం రాసినపుడు ఒక్క దిమ్మయినా ఎత్తి సూసినారా బాబూ?" అని అడిగింది.

"లేదు."

"ఇది రాసినపుడు?"

"పదకొండూ ఎత్తించాను."

"అప్పుడు ఒకటి ఎత్తుంటే సరిపోయీది," అంది. కోపం లేదు ఆ గొంతులో. దిమ్మని సుత్తితో కొట్టి, విని, మాట చెప్పినట్టే చెప్పింది.

క్షమించమని అడిగాను. ఆమె చెంగు దులుపుకుని లేచింది.

"నాకు సదివితే ఏటి లాభం బాబూ? నా దిమ్మ సంగతి నాకు ముందే తెల్సు. సిమెంటు కొట్టుకి ఎల్దాం రండి. ఆ మాట అక్కడ సదవండి."

ఆమదాలవలస బజారులో ఆ కొట్టు ముందు మధ్యాహ్నం జనం బాగానే ఉన్నారు. ఊచలు బేరమాడుతున్న ఇద్దరు రైతులు, బస్తాలు దింపుతున్న కూలీలు. కొట్టాయన నన్ను చూసి కుర్చీ తెప్పించబోయాడు. వద్దని, నిలబడే మొదటి నుంచి చివరిదాకా చదివాను. నా పేరు, నా హోదా, నా ఉత్తర్వు, నాలుగు వేళ్ళ ఊక.  కూలీలు బస్తాలు దింపడం ఆపారు.

చదవడం అయ్యాక కొట్టాయన నెమ్మదిగా అడిగాడు. "అయితే పైడమ్మ దిమ్మల్లో ఏ లోపం నేదన్నమాట. తప్పు తమరిదేనా సార్?"

"నాదే," అన్నాను.

రైతుల్లో ఒకాయన పైడమ్మ వైపు తిరిగి, నూతి ఒరలు ఎన్నాళ్ళకి ఇవ్వగలవని అడిగాడు. ఆమె ఆయనకి ఇరవై రోజులని చెప్పి, కొట్టాయన కళ్ళలోకి చూసింది.

"ఇన్నావు కదా. రేపు పది బస్తాలు పంపించు."